బట్టీ మూత మీద అరచెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అట్టపెట్టెలన్నీ ఎప్పుడూ విప్పేవాళ్ళం కాదు. నాన్నది కన్సల్టింగ్ ఉద్యోగం. ప్రాజెక్టు ఎక్కడుంటే మేమూ అక్కడే. కాకినాడ నుంచి అమెరికా వచ్చిన నాలుగేళ్ళలో నేను మూడు స్కూళ్ళు మారాను. గిన్నెలు, దుప్పట్లు, దేవుడి పటాలు బయటికి వచ్చేవి. మిగతావి టేపు కూడా ఊడదీయకుండానే ఇంకో ఊరికి ప్రయాణం కట్టేవి. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చూసిన అనుభవం నాకు లేదు. సైన్సు క్లాసులో చిక్కుడు గింజ నాటితే మొలక వచ్చేది, ఆకు విప్పేలోపు మేం ఊరు మారేవాళ్ళం. అందుకేనేమో ఒక్క చోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది. నోరు అంతకన్నా ఎక్కువ ఆడేది. "దీనికి జవాబు చెప్పలేక టీచర్లే మమ్మల్ని ఊరు దాటించేస్తున్నారే" అని అమ్మ ఫోన్‌లో పిన్నితో అనేది, నేను వింటున్నానని తెలిసే.

రెండువేల రెండులో మేం న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉన్నాం. పక్కింట్లో ఒక ఇటలీ పెద్దావిడ ఒక్కతే ఉండేది. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగుతో కనిపించేది. పింగాణీ పళ్ళేలకి పేరుపడ్డ చిన్న ఊళ్ళో పుట్టి, పెళ్ళయ్యాక ఇటు వచ్చిందట. వాళ్ళ ఊళ్ళో ఇంటింటా అదే పనట. ఎర్రమట్టి పళ్ళెం ఒకసారి కాల్చి, తెల్లపూతలో ముంచి ఆరబెట్టి, ఆ పూత మీద రంగులతో బొమ్మ వేసి రెండోసారి కాలుస్తారు. ఆవిడ గరాజ్‌లో కారు పెట్టాల్సిన చోట మన కుమ్మరి ఆవానికి మనవరాలిలా ఒక కరెంటు బట్టీ ఉండేది, గుండ్రంగా, పైన బరువైన మూతతో.

ఒకరోజు ఇంటి తాళం చెవి పోగొట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటే, ఆవిడ చెయ్యి ఊపి పిలిచింది. అమ్మ అప్పుడు కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ కోర్సు చేస్తోంది. స్కూలు అయ్యాక రెండు గంటలు నన్నెక్కడ ఉంచాలన్న అమ్మ బెంగ ఆ రోజుతో తీరిపోయింది. పెద్దావిడ తనని 'నోన్నా' అనమనేది, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. అమ్మ మాత్రం 'పక్కింటి మామ్మగారు' అనేది. ఇన్నేళ్ళ తర్వాత నా లోపల మిగిలింది కూడా ఆ పేరే. ఆవిడ ఇంగ్లీషూ, అప్పటి నా ఇంగ్లీషూ రెండూ అతుకుల బొంతలే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, విసురు మాత్రం ఆవిడదే.

ఆ తెల్లపూత ఆరాక కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంటుంది. కుంచె ఆనితే చాలు, రంగుని గుటుక్కున తాగేస్తుంది. వేసిన గీత వేసినట్టే, చెరపడానికి వీల్లేదు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. గీకేస్తే ఏమవుతుందని అడిగాను. బట్టీలో బయటపడుతుందంది. దాని మీద తెల్లపూత చుక్క పెడితే? అదీ బయటపడుతుందంది.

"మరి తప్పు వస్తే ఏం చెయ్యాలి?"

"ఆకు వెయ్యాలి."

"ఇంకో తప్పు వస్తే?"

"ఇంకో ఆకు."

"పళ్ళెం నిండా ఆకులే అయిపోతే?"

"తోట అని చెప్పి అమ్మాలి. నువ్వు మాట్లాడినంతసేపూ నీ కుంచె ఎండిపోతోంది చూడు."

ఇప్పుడు నేనుండే ప్లేనోలో శనివారం మధ్యాహ్నం పింగాణీ క్లాసులని పెడుతున్నారు. రెండు గంటల్లో కప్పు చేయించి, ఫోటో తీయించి, 'చేతిపని మనసుకి శాంతి' అని చెప్పి పంపిస్తారు. నాకు నవ్వొస్తుంది. ఆ గరాజ్‌లో నాకు ఏనాడూ శాంతి లేదు. ఒక్క గీత కోసం పాత పెంకుల మీద మూడు వారాలు అభ్యాసం చేయించింది. చెయ్యి లాగేసేది, మెడ పట్టేసేది, లేచి పోదామనిపించేది. అయినా మర్నాడు స్కూలు బస్సు దిగగానే మళ్ళీ అక్కడికే పరిగెత్తేదాన్ని. ఎందుకంటే నాకు ఆ నీలం కావాలి. వేసేటప్పుడు అది నీలంగా ఉండదు, బూడిదలో సిరా కలిపినట్టు మురికిగా ఉంటుంది. బట్టీలోంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం అప్పుడే తడిపినట్టు మెరిసే నీలం. ఆ మురికి ఈ నీలంగా ఎప్పుడు మారుతుందో, ఏ క్షణంలో మారుతుందో చూడాలని నాకు ఒకటే ఆత్రం. చూడలేవు, మూత వేసి ఉంటుంది కదా అనేది ఆవిడ. ఆ జవాబు నాకు ఎప్పుడూ జవాబులా అనిపించలేదు.

పెద్ద బొమ్మలకి ముందు కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో సన్నగా బెజ్జాలు పొడిచేది. ఆ కాగితాన్ని పళ్ళెం మీద పరిచి, బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో మెల్లగా తడితే తెల్లపూత మీద చుక్కలు దిగేవి. ఆ చుక్కలు కలుపుకుంటూ కుంచె నడపాలి. మా ఊళ్ళో ముగ్గులు కూడా చుక్కలు పెట్టే వేస్తారని గొప్పగా చెప్పాను. ముగ్గు ఎక్కడ వేస్తారంది. వాకిట్లో అన్నాను. "తొక్కరూ?" అంది. తొక్కితే మర్నాడు మళ్ళీ వేస్తారన్నాను. కుంచె కింద పెట్టి ఒక్క క్షణం నా వైపు చూసి, "అయితే మీ వాళ్ళకి పని తెలుసు" అంది. ఆవిడ నోటి నుంచి మా వాళ్ళకి దొరికిన ఒకే ఒక్క మెప్పు అది.

బట్టీ కట్టేశాక దాన్ని తెరవడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. వేడి చూపించే ముల్లు ఉన్నా దాన్ని నమ్మేది కాదు. మూత మీద అరచెయ్యి ఆనించి, ఒక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా తొందరపడకుండా చెప్పేది. అది ముగిసేదాకా చెయ్యి తీయాల్సిన అవసరం రాకపోతే బట్టీ చల్లారినట్టు. మధ్యలో చురుక్కుమంటే ఇంకో పూట ఆగాలి. వాళ్ళ నాన్న అలాగే చేసేవాడట. నన్నూ చెయ్యి పెట్టమంది. నాకు ఆ ప్రార్థన రాదు, మా శ్లోకాలు చూస్తే రెండు లైన్లలో అయిపోతాయి అన్నాను. అయితే నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పు, అదీ అంతే సేపు పడుతుంది అంది. అప్పటి నుంచి అదే మా ఆనవాయితీ అయిపోయింది. ఆవిడ చెయ్యి పక్కన నా చెయ్యి. లేచాను, ఇడ్లీ వద్దన్నాను, తిట్లు తిన్నాను, బస్సెక్కాను... నేను తడబడ్డ చోటల్లా ఆవిడ "తర్వాత?" అనేది. వేగంగా చెప్తే ఒప్పుకునేది కాదు. చెయ్యి ఎత్తితే మళ్ళీ మొదటి నుంచి.

ఆ చలికాలమంతా ఆవిడ ఒకే ఒక్క పెద్ద పళ్ళెం మీద పనిచేసింది. ఏప్రిల్‌లో మనవరాలి పెళ్ళి. వాళ్ళ ఊరి ఆచారం ప్రకారం పెళ్ళికూతురికి ఆమె ముఖం వేసిన పళ్ళెం ఇవ్వాలి, ముఖం చుట్టూ రిబ్బను మీద ఆమె పేరు రాసి. మన కంచాలు రెండు పక్కపక్కన పెట్టినంత వెడల్పు. దానికి జోడుగా ఇంకో ఖాళీ పళ్ళెం కూడా తెల్లపూత పూసి అలమరలో పెట్టుకుంది. పెద్ద పనికి అలా ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం వాళ్ళ అలవాటట. మెడ వంపు ఒక్క గీతలో రావాలి. ఆ ఒక్క గీత కోసం నాలుగు రోజులు పళ్ళెం ముందు కూర్చుని, ఏమీ వెయ్యకుండానే లేచిపోయింది. ఐదో రోజు వేసింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని. నేను మాత్రం అమ్మకివ్వాలని ఒక చిన్న పళ్ళెం మీద చేప వేశాను. వంకాయకి తోక మొలిచినట్టుందంది మామ్మగారు.

మార్చిలో నాన్న ప్లేనోలో ప్రాజెక్టు వచ్చిందన్నాడు. మంగళవారం జాయిన్ అవ్వాలి. కార్‌లో మూడు రోజుల ప్రయాణం, శనివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరాలి. నా చేప, ఆవిడ పెళ్ళి పళ్ళెం ఒకే బట్టీలో గురువారం సాయంత్రం ఎక్కాయి. శుక్రవారం పొద్దున కట్టేసింది. శనివారం మధ్యాహ్నానికి తెరవచ్చంది. అంటే నాలుగే గంటల తేడా. ఆ నాలుగు గంటల కోసం నాన్నతో రెండు రోజులు యుద్ధం చేశాను. హోటల్ బుక్ చేసేశాను అమ్మడూ, చీకటి పడేలోపు వర్జీనియా దాటాలి, పళ్ళెం ఆవిడ కొరియర్ చేస్తుందిలే అన్నాడు. ఇప్పటిదాకా మనం ఒక్కటైనా పూర్తయ్యాక బయల్దేరామా అని అడిగాను. "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం మామ్మగారు చర్చికి వెళ్ళింది. ఈస్టరు ముందు శుక్రవారాలు వాళ్ళకి ఉపవాసంలాంటివి. గరాజ్ పక్కతలుపు ఎప్పుడూ తాళం వేసేది కాదు. లోపల చలిగా ఉంది, బట్టీ చుట్టూ మాత్రం వెచ్చగా. అరచెయ్యి ఆనించి చూశాను. "లేచాను" అనేలోపే లాగేసుకున్నాను. అయినా ఆగలేదు. గోడకున్న మందపాటి తొడుగులు వేసుకుని మూత జానెడు ఎత్తాను. వేడి గాలి మొహం మీద కొట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా చూశాను. పై అరలో పెళ్ళికూతురి ముఖం, దాని చుట్టూ నీలం. నిజంగా నీలం. ఎంతసేపు చూశానో తెలీదు. పక్కతలుపు లోంచి చలిగాలి వచ్చింది. బట్టీలోంచి 'టింగ్' మంది, చెంచాతో గాజుగ్లాసు అంచు మీద కొట్టినట్టు. అంత చిన్న చప్పుడు. మూత దించేశాను, తొడుగులు తగిలించేశాను, ఇంటికొచ్చి పెట్టెలకి టేపు వేశాను. ఏమైందో నాకు తెలుసు. వేడి మీదున్న పళ్ళేనికి చలిగాలి తగిలితే ఏమవుతుందో ఆవిడ నాకు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ నేను వాదించాను.

శనివారం పొద్దున అందరికన్నా ముందు నేనే షూస్ వేసుకుని కార్ దగ్గర నిలబడ్డాను. ఏడున్నరకి మామ్మగారు చేతిలో చెక్క గరిటెతో వచ్చింది. బట్టీ ఇంకా చల్లారలేదు, మధ్యాహ్నం దాకా ఆగండి, మాంసం లేకుండా వండుతున్నాను అని నాన్నకి చెప్పింది. కూతుర్ని కాదనగలిగిన మనిషి ఆ గరిటెని కాదనలేకపోయాడు. అప్పుడు నేను మొదలుపెట్టాను. హోటల్ బుక్ చేశాం కదా, వర్జీనియా దాటాలి కదా, పళ్ళెం కొరియర్‌లో వస్తుంది కదా. నాన్న వాదనంతా ఆయనకే అప్పజెప్పాను, ఆయనకన్నా గట్టిగా. అమ్మ నా వైపు అదోలా చూసి, "నిన్నటిదాకా ఏడ్చింది నువ్వేనా?" అంది. ఆ నాలుగున్నర గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. ఖాళీ ఇల్లు. కూర్చోవడానికి కుర్చీ లేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాను. బాత్‌రూమ్‌లో నిలబడి, నేనేం చెయ్యలేదని అద్దంతో మూడు రకాలుగా చెప్పి చూసుకున్నాను. మూడూ బాగానే కుదిరాయి. అబద్ధం చెప్పడం నాకు కష్టమైన పనేం కాదు.

పన్నెండింటికి పిలిచింది. అమ్మానాన్నలకి వంటింట్లో భోజనం పెట్టి, నన్నొక్కదాన్నే గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. మూత మీద తన చెయ్యి పెట్టింది. పక్కన నా చెయ్యి పెట్టమంది. పెట్టాను. ఇనుము చల్లగా ఉంది. అప్పుడు చల్లారింది కాదు, పొద్దుటి నుంచీ చల్లగా ఉన్నంత చల్లగా.

"నిన్న పొద్దున లేచినప్పటి నుంచి" అంది.

లేచాను. స్కూలుకి వెళ్ళాను. టీచర్‌కి బై చెప్పాను. తర్వాత? ఇంటికొచ్చాను. తర్వాత? పెట్టెలు సర్దాను. తర్వాత? అద్దం ముందు తయారుచేసుకున్న మూడు జవాబుల్లో ఒక్కటీ రాలేదు. వాదించడానికి అవతలి మనిషి ఏదో ఒకటి అనాలి కదా. ఆవిడ 'తర్వాత?' అంటోంది, అంతే. చెయ్యి తీసేద్దామనిపించింది. వేడిగా ఉందని చెప్పచ్చు. కానీ పక్కనే ఆవిడ చెయ్యి కూడా ఉంది, రంగు గోళ్ళతో, ముడతలతో, కదలకుండా.

"తర్వాత?" అంది మళ్ళీ, అదే గొంతుతో.

"ఇక్కడికి వచ్చాను. మూత తీశాను. చప్పుడైంది. మూసేశాను. ఎవరికీ చెప్పలేదు."

"తర్వాత?"

"పొద్దున్నే వెళ్ళిపోదామన్నాను. మీ మొహం చూడకుండా."

ఆవిడ చెయ్యి తీసింది. "చల్లారింది. తెరువు" అంది.

తెరిచాను. పెళ్ళి పళ్ళెం అంచు నుంచి పెళ్ళికూతురి మెడ దాకా చీలిపోయింది, సరిగ్గా ఐదో రోజు వేసిన ఆ వంపు మీదుగా. కింద అరలో నా వంకాయ చేప చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని చూస్తే నాకు అసహ్యం వేసింది. మామ్మగారు చీలిక వెంట గోరుతో ఒకసారి రాసింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు. పరవాలేదని అనలేదు. తొడుగులు బొటనవేలు గోడవైపు ఉండేలా తగిలించాలని, నిన్న చర్చి నుంచి వచ్చేసరికి అవి తిరగబడి ఉన్నాయని మాత్రం చెప్పింది. నా పళ్ళెం తీసుకోమని నేను ఏడుస్తూ ఇవ్వబోతే, "నా మనవరాలికి వంకాయలు ఇష్టం లేదు" అంది.

తర్వాత అలమరలోంచి జోడు పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. బెజ్జాల కాగితం దాని మీద పరిచి, బొగ్గుపొడి మూట నా చేతికిచ్చింది. "నాకు కోపంగా ఉంది. కోపంలో నా చెయ్యి వణుకుతుంది. పెళ్ళికి మూడు వారాలుంది. చుక్కలు నువ్వు వెయ్యి" అంది.

బయట నాన్న కార్ స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. హారన్ కొట్టాడు. నేను మూట తడుతున్నాను. నుదురు, ముక్కు, పెదవులు. తొందరపడితే కాగితం కదిలి చుక్కలు చెదురుతాయి. రెండోసారి హారన్. మెడ దగ్గరికి వచ్చాను. ఆవిడ పక్కనే నిలబడి ఉంది, వేలెత్తి చూపించలేదు, జాగ్రత్త అనలేదు. కాసేపటికి ఇంజను ఆగిపోయింది. నాన్న వచ్చి పక్కతలుపు దగ్గర నిలబడ్డాడు. విరిగిన పళ్ళెం, నా నల్లటి వేళ్ళు, నా మొహం వరసగా చూశాడు. ఏమైందని అడగలేదు. రిబ్బను చివరి అక్షరం మీద చివరి చుక్క దిగేదాకా అలాగే నిలబడ్డాడు. మా నాన్న తనంతట తనే దేనికైనా ఆగడం చూసింది అదే మొదలు. ఆ రాత్రి మేం వర్జీనియా దాటలేదు.

మే నెలలో ప్లేనోకి ఒక కవరు వచ్చింది. లోపల కొత్త పళ్ళెం ఫోటో. ఈసారి పెళ్ళికూతురి ముఖం కొంచెం కోపంగా వచ్చిందని, ఆ అమ్మాయికి అదే తనలా ఉందని నచ్చిందని వెనకాల రాసింది. కింద ఇంకో వాక్యం, చుక్కలు ఒక్కటీ చెదరలేదని. ఆ తర్వాత ఉత్తరాలు నడిచాయి, ఆగాయి. ఆవిడ పోయిన సంగతి నాకు రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

ఓపిక నేర్చుకున్నానని చెప్తే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నాకు నలభై దగ్గరపడుతోంది, ఇప్పటికీ సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తాను. నోరు సంగతి అడగక్కర్లేదు, నాతో వాదన పెట్టుకున్న ఏ కాలనీ సంఘం ప్రెసిడెంటైనా చెప్తాడు. అమ్మ ఆ వంకాయ చేప పళ్ళేన్ని పదేళ్ళు వాడి, నా పెళ్ళయ్యాక నాకే ఇచ్చేసింది. స్టవ్ పక్కన పెట్టి అందులో కరివేపాకు ఉంచుతాను. అంచున మూడు ఆకులున్నాయి, మూడు తప్పులన్నమాట. అబద్ధం నోటి చివరిదాకా వచ్చినప్పుడల్లా, ఆఫీస్‌లో అయినా ఇంట్లో అయినా, నా అరచెయ్యి దానంతటదే దగ్గరున్న బల్ల మీద ఆనుతుంది. ఆనిందంటే ఇక పొద్దుటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆ అలవాటు వల్ల నాకు నష్టాలూ జరిగాయి, అవి ఇక్కడ రాయను.

పోయిన నెల మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా విప్పకుండా, తన గదిలోకి జారుకోబోయింది. దానికి పదకొండేళ్ళు. ఏమైందన్నాను. "నథింగ్ అమ్మా" అంది, నా వైపు చూడకుండా. వంటింట్లోకి పిలిచి గ్రానైట్ గట్టు మీద నా చెయ్యి పెట్టాను. పక్కన దాని చెయ్యి పెట్టమన్నాను. దానికి ఈ బట్టీ కథ తెలుసు, చిన్నప్పుడు ఎన్నిసార్లో చెప్పాను.

"అమ్మా, బట్ ఇది హాట్ లేదు కదా" అంది.

"లేదు" అన్నాను. "పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు."

చాలాసేపు నిలబడింది, కాలు ఆడిస్తూ. చెయ్యి మాత్రం తియ్యలేదు.